విత్తనపు వడ్లు వండుకున్న వేసవి

1987 ఆగస్టు 12న డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు ఒక బేరం ముగించింది. అట్లాంటా బ్రేవ్స్ నుంచి డోయల్ అలెగ్జాండర్ అనే పిచర్‌ను, అంటే బంతి విసిరేవాడిని, తెచ్చుకుంది. వయసు 36. అప్పటికే ఎన్నో జట్ల గుమ్మాలు ఎక్కి దిగినవాడు. బంతిలో వేగం తగ్గింది గానీ ఎక్కడ వేయాలో, ఎప్పుడు నెమ్మదించాలో ఆ చేతికి తెలుసు. అతనికి బదులుగా డెట్రాయిట్ ఇచ్చింది ఇరవై ఏళ్ల పిల్లాడిని. డెట్రాయిట్ ప్రాంతంలోనే పుట్టి, అదే మిషిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో పెరిగి, టైగర్స్ ఆటలు చూస్తూ పెద్దవాడైన కుర్రాడు. పేరు జాన్ స్మోల్ట్జ్.

ఆ రోజుకు ఆ కుర్రాడి లెక్కలు చూస్తే ఎవరికీ ప్రాణం ఉసూరుమనదు. న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లెన్స్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో, పెద్ద లీగుకు రెండు మెట్ల కింద ఆడుతున్నాడు. ఆ ఏడాది 4 గెలుపులు, 10 ఓటములు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఐదున్నర పైచిలుకు పరుగులు ఇచ్చాడు. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1985లో, 22వ రౌండ్ దాకా అతని పేరు ఎవరూ పిలవలేదు. అలెగ్జాండర్ సంగతి చూడండి. వచ్చిన రోజు నుంచి సీజన్ ముగిసేదాకా 11 ఆటలు మొదలుపెట్టాడు. పదకొండూ డెట్రాయిట్ గెలిచింది. అతని సొంత ఖాతాలో 9 గెలుపులు, ఓటమి ఒక్కటీ లేదు. సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఒకటిన్నర పరుగు.

అప్పట్లో రెండో స్థానానికి విలువ లేదు. మేజర్ లీగుల్లో 26 జట్లుంటే అక్టోబర్ ఆటలకు వెళ్లేవి నాలుగే. డివిజన్‌లో మొదట నిలిస్తే ముందుకు, లేదంటే ఇంటికి. సీజన్ చివరి శుక్ర, శని, ఆదివారాల్లో టొరంటో బ్లూ జేస్ జట్టు డెట్రాయిట్‌కు వచ్చింది. ఆ మూడు ఆటల్లో మొదటిది గెలిపించింది అలెగ్జాండరే. అక్టోబర్ 4 ఆదివారం, ఆఖరి ఆట. లారీ హెర్న్‌డన్ కొట్టిన ఒక్క హోమ్ రన్. ఫ్రాంక్ టనానా తొమ్మిది ఇన్నింగ్స్ నిలబడి ఒక్క పరుగూ ఇవ్వలేదు. 1-0. డెట్రాయిట్‌కు 98 గెలుపులు, టొరంటోకు 96. ఆ రెండు ఆటల తేడాలో అలెగ్జాండర్ చెయ్యి ఎంతుందో ఆ ఊళ్లో ఎవరినడిగినా చెప్పేవారు.

తర్వాతి కథ అక్కడివాళ్లందరికీ తెలిసిందే. 85 ఆటలే గెలిచి వచ్చిన మిన్నెసోటా ట్విన్స్ చేతిలో డెట్రాయిట్ 4-1తో ఓడింది. అలెగ్జాండర్ ఆడిన రెండు ఆటలూ పోయాయి. 1988లో ఒక్క ఆట తేడాతో టైగర్స్ వెనకబడింది. 1989లో 103 ఆటలు ఓడింది. ఆ ఏడాది 18 ఓటములు మూటగట్టుకుని అలెగ్జాండర్ ఆట మానేశాడు. డెట్రాయిట్ మళ్లీ అక్టోబర్ ఆటలు చూసింది 2006లో. ఈలోగా అట్లాంటాలో స్మోల్ట్జ్ 1995లో ప్రపంచ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 1996లో 24 ఆటలు గెలిచి, ఏటి మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. మొత్తం 213 గెలుపులు, 154 సేవ్‌లు, అంటే చివర్లో దిగి ఆధిక్యాన్ని కాపాడిన ఆటలు. రెండు వందల గెలుపులూ, నూట యాభై సేవ్‌లూ రెండూ దాటిన పిచర్ ఇంకొకరు లేరు. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఇదీ బేస్‌బాల్ అభిమానులు దాదాపు నలభై ఏళ్లుగా తవ్విపోసుకుంటున్న బేరం. ఏటా జులై రాగానే అమెరికా ఊళ్లలో ఈ వాదన మళ్లీ మొదలవుతుంది. గెలిచే అవకాశం ఈ ఏడాదే ఉంది, ఒక పాతకాపును తెచ్చుకుందాం అని ఒకరు. వాడు రెండు నెలలు ఆడి పోతాడు, ఇచ్చిన పిల్లాడు పదిహేనేళ్లు మనల్ని ఏడిపిస్తాడు అని ఇంకొకరు.

నారుమడి

అక్కడ చిన్న జట్ల వ్యవస్థను ఫార్మ్ అంటారు. పొలం అనే అర్థంలోనే. 1920ల్లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ నడిపిన బ్రాంచ్ రికీ పెద్ద జట్లతో పోటీపడి ఆటగాళ్లను కొనేంత డబ్బు లేక, చిన్న ఊళ్ల జట్లను చేతిలోకి తీసుకుని కుర్రాళ్లను తానే పెంచుకోవడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. మన మాటలో చెప్పాలంటే నారుమడి. కుర్రాడు పదిహేడు పద్దెనిమిదేళ్లకు చేరతాడు. కింది మెట్టు నుంచి ఒక్కో ఊరూ మారుతూ, రాత్రంతా బస్సుల్లో తిరుగుతూ, మూడు నాలుగేళ్లకు పైకి వస్తాడు. ఎక్కువమంది రానే రారు. పైకి వస్తాడని ఆశ ఉన్నవాడిని ప్రాస్పెక్ట్ అంటారు.

ఆ కుర్రాడి విలువ ఆటలోనే లేదు, లెక్కలోనూ ఉంది. పెద్ద లీగులోకి వచ్చాక ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా అతను ఆ జట్టుకు కట్టుబడి ఉంటాడు. మొదటి మూడేళ్లూ దాదాపు కనీస జీతమే. 2025లో అది ఏడాదికి 7,60,000 డాలర్లు. మనకు పెద్ద మొత్తమే, అక్కడి పెద్ద ఆటగాళ్ల పక్కన చిల్లర. కాబట్టి ఒక కుర్రాడిని ఇచ్చేయడమంటే ఆరేళ్ల చవక కాపును ఇచ్చేయడం. ఎదుటి తక్కెడలో ఉన్నది ఆ ఏడాదితో ఒప్పందం ముగిసిపోయే పాతకాపు. అతన్ని రెంటల్ అంటారు. అద్దె ఆటగాడు. అక్టోబర్ దాటితే ఎవరెక్కువ ఇస్తే అక్కడికి పోతాడు. ఒకప్పుడు షరతులతో ఆగస్టులోనూ బేరాలు సాగేవి గానీ, ఇప్పుడు గడువు మామూలుగా జులై 31. అంటే ఇరవై ఏళ్ల కుర్రాడి మొత్తం భవిష్యత్తుకు ఎదురుగా తూగేది కేవలం మూడు నెలలు.

ఐపీఎల్ చూసేవాళ్లకు ఈ బాధ పూర్తిగా అర్థం కాదు. మన దగ్గరా ఆటగాళ్ల బదిలీలు ఉన్నాయి. కానీ కొన్నేళ్లకోసారి వచ్చే మెగా వేలంలో జట్లు చెల్లాచెదురవుతాయి. ఒక ఫ్రాంచైజీ పదిహేడేళ్ల పిల్లాడిని ఐదేళ్లు పెంచడం, అభిమాని ఆ ఐదేళ్లూ అతని పేరు జపించడం అన్నది మనకు అలవాటు లేదు. బేస్‌బాల్ అభిమాని ఇంకా ముఖం కూడా చూడని కుర్రాడి మీద బెంగపెట్టుకుంటాడు.

డెట్రాయిట్ చుట్టూ నోవై, ట్రాయ్, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి ఊళ్లలో కార్ల కంపెనీల్లో, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2025 జులై మొదటి వారంలో తానా మహాసభలు జరిగింది నోవైలోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే టైగర్స్ తన డివిజన్‌లో బాగా ముందుంది. క్రికెట్‌తో పెరిగిన తండ్రికి, టైగర్స్‌తో పెరిగిన కొడుక్కి మధ్య ఇలాంటి సంభాషణ ఏదో ఒక ఇంట్లో నడిచే ఉంటుంది. ‘ఇంకా టీములోకే రాని పిల్లాడి కోసం ఇంత గొడవేంట్రా?’ అని తండ్రి. ‘రాలేదు కాబట్టే నాన్నా’ అని కొడుకు. నాకైతే ఆ రెండో మాటలోనే మొత్తం వాదన ఉంది. రానివాడిలో లోపం కనిపించదు. వచ్చినవాడికి నలభై ఏళ్ల వయసు, నొప్పిపెట్టే భుజం, పోయిన ఏడాది ఓటములు అన్నీ కనిపిస్తాయి. రానివాడు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాడు.

నాలుగు హోమ్ రన్లు

ఈ జూదంలో మోసపోయినవాళ్లలో డెట్రాయిట్ కన్నా బోస్టన్ పరిస్థితి నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. 1990 ఆగస్టు చివర్లో రెడ్ సాక్స్ తన దగ్గరున్న 22 ఏళ్ల జెఫ్ బాగ్‌వెల్‌ను హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు ఇచ్చి లారీ ఆండర్సన్‌ను తెచ్చుకుంది. 37 ఏళ్ల రిలీఫ్ పిచర్. ఆట చివర్లో వచ్చి ఒకటి రెండు ఇన్నింగ్స్ కాపు కాసేవాడు. బాగ్‌వెల్ పుట్టింది బోస్టన్‌లో. పెరిగింది పక్కనే కనెక్టికట్‌లో, రెడ్ సాక్స్‌ను కొలిచే ఇంట్లో. ఆడుతున్నదీ కనెక్టికట్‌లోని న్యూ బ్రిటన్‌లోనే. అంటే సొంత వాకిట్లో మొక్క.

ఆండర్సన్ బాగా ఆడలేదని ఎవరూ అనలేరు. 15 ఆటల్లో 22 ఇన్నింగ్స్ వేసి, తొమ్మిదింటికి సగటున ఒకటింబావు పరుగు కూడా ఇవ్వలేదు. బోస్టన్ రెండు ఆటల తేడాతో డివిజన్ గెలిచింది. ఆపైన ఓక్‌లాండ్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడింది. ఆ చలికాలమే ఆండర్సన్ సాన్ డియాగో వెళ్లిపోయాడు. బాగ్‌వెల్ 1991లో ఉత్తమ కొత్త ఆటగాడు, 1994లో నేషనల్ లీగ్ ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు, జీవితకాలంలో 449 హోమ్ రన్లు, 2017లో హాల్ ఆఫ్ ఫేమ్.

కానీ ఆ బేరం నాటికి బాగ్‌వెల్ ఆ ఏడాది న్యూ బ్రిటన్‌లో కొట్టిన హోమ్ రన్లు ఎన్నో తెలుసా? నాలుగు. బంతిని బాగా తాకుతున్నాడు, సగటు .333 ఉంది, బలం మాత్రం ఇంకా రాలేదు. అతని స్థానంలో పెద్ద జట్టులో వేడ్ బాగ్స్ అనే మేటి ఆటగాడు ఉన్నాడు. 449 హోమ్ రన్లు ఆ నాలుగింటిలో దాగున్నాయని చూడగలిగిన కన్ను ఆ రోజు బోస్టన్‌లో లేదు. దాన్ని తప్పుపట్టలేను. తప్పుపట్టేది వేరేదాన్ని. డెట్రాయిట్ తెచ్చుకున్నది ప్రతి ఐదో రోజూ ఆటను మొదటి నుంచి మోసేవాడిని. బోస్టన్ తెచ్చుకున్నది ఒక్క నెలలో 22 ఇన్నింగ్స్ సాయాన్ని. 1918 తర్వాత ప్రపంచ సిరీస్ గెలవని జట్టు ఆకలి ఎంతటిదైనా, ఒక పూట చారు కోసం చెట్టును ఇవ్వడం అది.

స్మోల్ట్జ్ విషయంలో జనం మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. అతను అట్లాంటా వెళ్లగానే దేవుడైపోలేదు. 1991 సీజన్ సగం గడిచేసరికి అతని లెక్క 2 గెలుపులు, 11 ఓటములు. మేజర్ లీగుల్లోకి వచ్చిన నాలుగో ఏడాది అది. అతన్ని పక్కన పెట్టకుండా జట్టు వరుసగా ఆడించింది. ఒక స్పోర్ట్స్ సైకాలజిస్ట్ దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టాడు. మిగతా సగంలో 12 గెలిచి 2 ఓడాడు. ఏటా గెలవాల్సిందేనని పట్టుబట్టే డెట్రాయిట్‌లో 2-11 అయిన కుర్రాడికి ఆ ఓపిక దొరికేదా? నాకు నమ్మకం లేదు. డెట్రాయిట్ ఇచ్చింది స్మోల్ట్జ్‌ను కాదు, స్మోల్ట్జ్ కాగలిగిన ఒక కుర్రాడిని. నారు డెట్రాయిట్‌దే, నీళ్లు మాత్రం అట్లాంటావి.

ఆ 1991 అక్టోబర్ 27 రాత్రి ప్రపంచ సిరీస్ ఏడో ఆట. మిన్నెసోటా తరఫున జాక్ మోరిస్, అట్లాంటా తరఫున స్మోల్ట్జ్. మోరిస్ 1980ల్లో టైగర్స్‌కు మూలస్తంభం. 1990 ముగిశాక డెట్రాయిట్ వదిలి వచ్చాడు. లాన్సింగ్‌లో చిన్న స్మోల్ట్జ్ ఆరాధించిన పిచర్ అతనే. స్మోల్ట్జ్ ఏడు ఇన్నింగ్స్ దాటేదాకా పరుగు ఇవ్వలేదు. మోరిస్ పది ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. 1-0తో మిన్నెసోటా గెలిచింది. బేస్‌బాల్ చరిత్రలో గొప్ప ఆటల జాబితాలో ఉండే ఆ రాత్రి ఇద్దరు పిచర్లూ డెట్రాయిట్ నుంచి వెళ్లినవాళ్లే. ఆ ఊళ్లో టీవీల ముందు కూర్చున్నవాళ్లు ఏం అనుకుని ఉంటారో నేను చాలాసార్లు ఆలోచించాను.

పేరు తెలియని నాలుగోవాడు

ఇచ్చిన కుర్రాళ్లంతా స్మోల్ట్జ్‌లు, బాగ్‌వెల్‌లు అయితే ఈ వాదన ఎప్పుడో ముగిసేది. కారు. 2008 జులైలో మిల్వాకీ బ్రూవర్స్ క్లీవ్‌లాండ్ నుంచి సీసీ సబాథియాను తెచ్చుకున్నప్పుడు మిల్వాకీ అభిమానులు బెంగపడింది బదులుగా ఇచ్చిన మాట్ లాపోర్టా గురించి. అంతకు ముందు ఏడాది డ్రాఫ్ట్‌లో ఏడో పేరు. బలమైన బ్యాట్. సబాథియా 17 ఆటలు మొదలుపెట్టి 11 గెలిచాడు, 2 ఓడాడు. సీజన్ చివర్లో నాలుగు రోజుల విశ్రాంతి బదులు మూడు రోజులకే మళ్లీ మళ్లీ దిగాడు. త్వరలో మార్కెట్లోకి వెళ్లి కోట్లు అందుకోవాల్సిన పిచర్ తన భుజాన్ని అలా పణం పెట్టడం మామూలు సంగతి కాదు. సెప్టెంబర్ 28న షికాగో కబ్స్ మీద ఆట మొత్తం తనే వేసి 3-1తో గెలిపించాడు. 1982 తర్వాత మిల్వాకీ మొదటిసారి అక్టోబర్‌లోకి అడుగుపెట్టింది.

అక్కడ ఫిలడెల్ఫియా చేతిలో ఓడింది. సబాథియా న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లిపోయాడు. అయినా ఆ మూడు నెలల గురించి మిల్వాకీ వాళ్లు మాట్లాడితే గొంతులో పశ్చాత్తాపం ఉండదు. లాపోర్టా క్లీవ్‌లాండ్‌లో నాలుగు సీజన్లలో 31 హోమ్ రన్లు కొట్టి కనుమరుగయ్యాడు. ఆ బేరంలో నాలుగో కుర్రాడి పేరు తర్వాత చెబుతామని మాత్రమే రాసుకున్నారు. అతనే మైకేల్ బ్రాంట్లీ. ఐదుసార్లు ఆల్ స్టార్ అయ్యాడు. ఏడ్చినవాడు పనికిరాలేదు, పేరైనా తెలియనివాడు మొలకెత్తాడు. ప్రాస్పెక్టుల గురించి నాకు తెలిసిన గట్టి నిజం ఇదొక్కటే.

మాంట్రియల్ కథ వేరు. అది తలుచుకుంటేనే మనసు చివుక్కుమంటుంది. 2001 నవంబర్‌లో మేజర్ లీగ్ యజమానులు రెండు జట్లను రద్దు చేయాలని ఓటేశారు. మాంట్రియల్ ఎక్స్‌పోస్ తప్పకుండా ఉంటుందని అందరూ అనుకున్నారు. 2002 ఫిబ్రవరిలో ఆ జట్టును లీగే కొనేసింది. జనరల్ మేనేజర్ ఓమర్ మినాయాకు మరుసటి ఏడాది జట్టు ఉంటుందో లేదో తెలియదు. రేపన్నదే లేనివాడికి రేపటి కుర్రాళ్లు ఎందుకు? ఆ జూన్ 27న పిచర్ బార్టోలో కొలోన్ కోసం క్లిఫ్ లీ, గ్రేడీ సైజ్‌మోర్, బ్రాండన్ ఫిలిప్స్ ముగ్గురినీ క్లీవ్‌లాండ్‌కు ఇచ్చేశాడు. ముగ్గురూ పెద్ద ఆటగాళ్లయ్యారు. లీకి 2008లో సై యంగ్ వచ్చింది. మాంట్రియల్ 83 గెలుపులతో ఆగిపోయింది. జట్టు ఆ ఏడాది రద్దవలేదు. 2004 దాకా ఆడి వాషింగ్టన్‌కు తరలిపోయింది. చాలామంది మినాయాను తప్పుపడతారు. నేను పట్టను. ఇల్లు కూల్చేస్తారని నోటీసు ఇచ్చాక పెరట్లో మామిడి మొక్కకు నీళ్లు పోయమని ఎవరు చెప్పగలరు?

సుద్దముక్కతో రాసిన పేర్లు

అభిమాని ఏ పక్షమో తెలుసుకోవాలంటే అతని వయసు అడిగితే సగం తెలుస్తుంది. ఇరవై ఏళ్లవాడు కుర్రాడిని ఉంచుకోమంటాడు. వాడితోపాటు తనూ పెరుగుతాడు కదా. డెబ్బై దాటినవాడు, ఎన్ని వేసవులు మిగిలాయో లెక్కపెట్టుకునేవాడు, ఇచ్చేయమంటాడు. గెలిచిన ఏడాది స్టేడియం మీద ఎగరేసిన జెండాను ఎవరూ దించరని అక్కడివాళ్లు అనే మాట ఇలాంటివాళ్ల నోటే ఎక్కువ వినిపిస్తుంది. ఎవరి మాట తప్పని చెప్పగలం?

2016కు ముందు షికాగో కబ్స్ చివరిసారి ప్రపంచ సిరీస్ గెలిచింది 1908లో. 2016 జులై 25న ఆ జట్టు డివిజన్‌లో ముందే ఉంది. అక్టోబర్‌లోకి వెళ్లడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఆఖరి ఇన్నింగ్స్ కాపాడే చెయ్యి మాత్రం లేదు. జట్టును నడిపిన థియో ఎప్‌స్టీన్ యాంకీస్ నుంచి ఆరోల్డిస్ చాప్‌మన్‌ను తెచ్చాడు. ఇచ్చిన నలుగురిలో మెరిసే పేరు గ్లేబర్ టోరెస్. వెనిజువెలా కుర్రాడు, పదహారేళ్లకే కబ్స్ 17 లక్షల డాలర్లిచ్చి తీసుకున్నవాడు, అప్పటికి 19 ఏళ్లు. ఆ బేరం మీద ఇంకో నొప్పి కూడా ఉంది. గృహహింస ఆరోపణ మీద ఆ ఏడాది మొదట్లో లీగు చాప్‌మన్‌కు 30 ఆటల నిషేధం వేసింది. ప్రాసిక్యూటర్లు కేసు పెట్టలేదు. అయినా అతను కబ్స్ చొక్కా వేసుకోవడం చూడలేకపోయిన అభిమానులు ఎందరో ఉన్నారు. గెలుపు కోసం కుర్రాడితోపాటు ఇంకా ఏమేం ఇచ్చేస్తున్నాం అన్న వాళ్ల ప్రశ్నకు గెలుపు జవాబు కాలేదు, కాకూడదు కూడా.

నవంబర్ 2, క్లీవ్‌లాండ్‌లో ఏడో ఆట. ఐదో, ఆరో ఆటల్లో ఎక్కువ బంతులు వేసి అలిసిపోయిన చాప్‌మన్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రజై డేవిస్‌కు హోమ్ రన్ ఇచ్చాడు. స్కోరు 6-6. ఏ పని కోసం టోరెస్‌ను ఇచ్చి తెచ్చారో సరిగ్గా ఆ పనిలోనే చెయ్యి జారింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మళ్లీ దిగి పరుగు ఇవ్వకుండా నిలబడ్డాడు. 17 నిమిషాలు వాన. పదో ఇన్నింగ్స్‌లో బెన్ జోబ్రిస్ట్ కొట్టిన బంతి. 8-7తో కబ్స్ గెలిచింది. 108 ఏళ్లు.

తర్వాతి రోజుల్లో కబ్స్ మైదానం రిగ్లీ ఫీల్డ్ ఇటుక గోడల మీద జనం సుద్దముక్కలతో పేర్లు రాశారు. ఆటగాళ్ల పేర్లకన్నా వాళ్ల అమ్మానాన్నల, తాతల పేర్లు ఎక్కువ. ఈ రోజు చూడకుండా పోయినవాళ్ల పేర్లు. వేవ్‌లాండ్, షెఫీల్డ్ వీధుల వైపు గోడ అందినంత ఎత్తు వరకూ రంగురంగుల అక్షరాలు. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా టోరెస్ వాదన నా నోటికి రాదు. నెల తిరిగాక చాప్‌మన్ ఎనిమిదిన్నర కోట్ల డాలర్లకు పైగా ఒప్పందంతో తిరిగి యాంకీస్‌కే పోయాడు. టోరెస్ 2018, 2019 ఆల్ స్టార్ అయ్యాడు. షికాగోలో ఎవరూ ఏడవలేదు.

మళ్లీ డెట్రాయిట్

డెట్రాయిట్ ఒకసారి తక్కెడ అవతలి వైపు కూడా కూర్చుంది. 2017 ఆగస్టు 31, అప్పట్లో ఉన్న రెండో గడువు ముగియడానికి క్షణాల ముందు, తన గొప్ప పిచర్ జస్టిన్ వెర్లాండర్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చి ముగ్గురు కుర్రాళ్లను తీసుకుంది. అతను హ్యూస్టన్‌లో 2019, 2022 సై యంగ్‌లు అందుకున్నాడు. వచ్చిన ముగ్గురిలో ఎక్కువ ఆశపెట్టుకున్న పిచర్ ఫ్రాంక్లిన్ పెరెజ్ గాయాలతోనే కాలం గడిపాడు. నిలబడినవాడు కాచర్ జేక్ రోజర్స్ ఒక్కడే.

అందుకే 2025 జులైలో డెట్రాయిట్ అభిమానుల వాదన మామూలు వాదన కాదు. అది దాదాపు నాలుగు దశాబ్దాల గాయాలు మోస్తున్న ఊరు. జులై 8 నాటికి 59 గెలుపులు, 34 ఓటములు. మేజర్ లీగుల్లో ఎవరికీ లేని లెక్క. క్లీవ్‌లాండ్ గార్డియన్స్ 15న్నర ఆటల వెనక ఉంది. టారిక్ స్కూబల్ అనే ఎడమచేతి పిచర్ లోకంలోనే మేటిగా ఆడుతున్నాడు. 2026 ముగిశాక అతను స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు. నారుమడిలో కెవిన్ మెగానిగల్, మాక్స్ క్లార్క్ అనే ఇద్దరు ఉన్నారు. 2023 డ్రాఫ్ట్ పిల్లలు. దేశంలోని మంచి కుర్రాళ్ల జాబితాల్లో పైన ఉన్నవాళ్లు. టైగర్స్ ప్రపంచ సిరీస్ గెలిచి అప్పటికి 41 ఏళ్లు. స్కూబల్ ఉండగానే ఇచ్చెయ్యండి అని సగం ఊరు. స్మోల్ట్జ్‌ను మరిచిపోయారా అని సగం ఊరు.

జట్టు నడిపే స్కాట్ హారిస్ ఆ ఇద్దరినీ ఇవ్వలేదు. ఖరీదు తక్కువ సాయం తెచ్చుకున్నాడు. క్రిస్ పాడక్, కైల్ ఫినెగన్, 41 ఏళ్ల చార్లీ మోర్టన్ లాంటివాళ్లు. ఫినెగన్ బాగానే నిలబడ్డాడు. మోర్టన్‌ను సెప్టెంబర్ ముగియకముందే తప్పించారు. ఆ 15న్నర ఆటల ఆధిక్యం కరిగి కరిగి, డివిజన్ క్లీవ్‌లాండ్‌కే పోయింది. ఇప్పుడు 30 జట్లలో 12 జట్లు అక్టోబర్‌లోకి వెళ్తాయి కాబట్టి డెట్రాయిట్ వేరే దారిలో లోపలికొచ్చి, అదే క్లీవ్‌లాండ్‌ను ఓడించి ముందుకు నడిచింది. 1987లో ఈ దారి లేదు. ఇప్పుడుంది కనకే జట్లు పిల్లల్ని ఇవ్వడానికి వెనకాడుతున్నాయి.

అక్టోబర్ 10, సియాటెల్. ఐదో ఆట, ఓడితే ఇంటికే. స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అతను దిగిపోయేసరికి డెట్రాయిట్ 2-1తో ముందుంది. ఆ వెంటనే ఏడో ఇన్నింగ్స్‌లో సియాటెల్ సమం చేసింది. అక్కడి నుంచి 15వ ఇన్నింగ్స్ దాకా సాగిన ఆట 3-2తో చేజారింది. ఆ రాత్రి ఇంకొక్క మంచి చెయ్యి ఉండి ఉంటే అని ఊరంతా అనుకుంది. ఆ జట్టులో రెండో బేస్ దగ్గర ఆడింది ఎవరో కాదు, ఒకప్పుడు షికాగో ఇచ్చేసిన గ్లేబర్ టోరెస్. తొమ్మిదేళ్లలో అతను కుర్రాడి నుంచి ఏడాది ఒప్పందం మీద వచ్చిన పాతకాపు అయిపోయాడు.

నా మాట చెప్తాను. మెగానిగల్‌ను ఇవ్వకపోవడం సరైనదే. కానీ స్కూబల్ లాంటి చెయ్యి ఒక ఊరికి తరానికి ఒకసారి దొరుకుతుంది. అతని పక్కన నిలబెట్టడానికి ఆ ఇద్దరి తర్వాతి వరుసలో ఉన్న కుర్రాళ్లను ఇచ్చైనా ఒక గట్టి రిలీఫ్ పిచర్‌ను తెచ్చుకోవాల్సింది. 1987 ఆగస్టులో ఆ బేరం చేసినవాళ్లకు ఆ తెగువ ఉంది. చివరికి ప్రపంచ సిరీస్ దక్కకపోయినా, ఆ పదకొండు ఆటలూ చూసిన ఊరిని అడగండి.

స్మోల్ట్జ్ గ్లెన్స్ ఫాల్స్‌లో ఆడిందీ, బాగ్‌వెల్ న్యూ బ్రిటన్‌లో ఆడిందీ ఒకే లీగు. ఈస్టర్న్ లీగ్. పెద్ద లీగుకు రెండు మెట్ల కింద. పెన్సిల్వేనియాలో సరస్సు ఒడ్డున ఉన్న ఈరీ అనే ఊరి జట్టు కూడా ఆ లీగుదే. 2025 వేసవి చివర్లో మెగానిగల్, క్లార్క్ ఇద్దరూ ఆడింది ఆ ఈరీలోనే. ఆ రోజుల్లో డెట్రాయిట్ ఆట ముగిశాక, గెలిచినా ఓడినా, పడుకోబోయే ముందు అభిమానులు ఫోన్ తీసి ఇంకొక స్కోరు వెతుక్కునేవారు. ఈరీలో ఇవాళ పిల్లలు ఎలా ఆడారో చూసుకోవడానికి.